ఎఫ్ వచ్చిందని ఫీజు కట్టే ముందు

రిజల్ట్స్ వచ్చిన రోజు సాయంత్రం నాకు వచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకేలా మొదలవుతాయి. "మేడం, నేను బాగానే రాశాను, ఎలా పోయిందో అర్థం కావట్లేదు." సరేనమ్మా, ఇప్పుడేం చేశావు అంటే, "ఫీజు కట్టేశాను మేడం." దేనికి కట్టావు? "రీవాల్యుయేషనో రీకౌంటింగో... నెట్ సెంటర్ అన్న ఏదో ఒకటి కొట్టాడు."

ఆ 'ఏదో ఒకటి' దగ్గరే సగం మంది డబ్బులు పోతున్నాయి. ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్తూ, ఏటా స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళి కట్టలకి కట్టలు పేపర్లు దిద్దిన మనిషిగా చెప్తున్నా, మార్కులు ఎక్కడ పోయాయో తెలియకుండా ఏ ఫీజు కట్టాలో తెలియదు. బీఏ, బీకాం పిల్లలకి ఇది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఇంజనీరింగ్ వాళ్ళకి కనీసం సీనియర్లు చెప్తారు. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళు, అడగడానికి అక్కా అన్నా కూడా ఉండరు.

ముందు గ్రేడ్ సంగతి. యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ, క్రెడిట్ల లెక్కన నడిచే సీబీసీఎస్ పద్ధతి తెచ్చినప్పుడు పది పాయింట్ల స్కేలు ఒకటి ఇచ్చింది. ఓ అంటే 10, ఏ ప్లస్ 9, అలా దిగుతూ పీ అంటే 4, ఎఫ్ అంటే ఫెయిల్, సున్నా. కానీ ఎన్ని మార్కులకి ఏ గ్రేడ్ అన్నది యూనివర్సిటీలకే వదిలేసింది. అందుకే ఒక యూనివర్సిటీ మెమో మీద ఏ ఉంటే 80 పైన వచ్చినట్టు, ఇంకోచోట అదే అక్షరానికి 70 చాలు. అక్షరాలు కూడా అందరూ ఒకేలా పెట్టుకోలేదు. కాబట్టి పక్క జిల్లాలో చదివే పిన్ని కొడుకు గ్రేడ్‌తో పోల్చుకుని ఏడవడం దండగ.

లెక్క చూద్దాం. 90 పైన 10 పాయింట్లు, 80 నుంచి 89కి 9, 70ల్లో 8, 60ల్లో 7, 50ల్లో 6, 40ల్లో 5, ఆ కింద సున్నా అనుకోండి. ఒక బీఏ అమ్మాయికి తెలుగులో 72, ఇంగ్లీషులో 59, చరిత్రలో 61, ఎకనామిక్స్‌లో 69, పొలిటికల్ సైన్స్‌లో 80 వచ్చాయి. భాషలకి నాలుగేసి క్రెడిట్లు, మిగతా మూడింటికి ఐదేసి (క్రెడిట్లంటే లెక్కలో ఆ పేపరుకున్న బరువు). గ్రేడ్ పాయింటుని క్రెడిట్లతో గుణించి, అన్నీ కలిపి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ సగటు. 32, 24, 35, 35, 45 కలిపితే 171. దాన్ని 23తో భాగిస్తే 7.43.

ఇప్పుడు ఈ అమ్మాయి రీవాల్యుయేషన్ పెట్టాలనుకుంటే ఏ పేపరుకి పెట్టాలి? "చరిత్ర మేడం, అది బాగా రాశాను" అంటుంది. చరిత్రలో ఏడు మార్కులు పెరిగి 68 అయినా గ్రేడ్ అదే, 7.43 కూడా అదే. అదే ఎకనామిక్స్‌లో ఒక్క మార్కు పెరిగి 70 అయితే 176ని 23తో భాగించాలి, 7.65 అవుతుంది. ఇంగ్లీషులో ఒక్క మార్కు పెరిగితే 7.61. అంటే అంచు మీద ఉన్న ఒక మార్కు విలువ మధ్యలో ఉన్న ఏడు మార్కులకి లేదు. 'బాగా రాశాను' అన్న బాధతో పేపరు ఎంచుకుంటారు గానీ, అంచుకి ఏది దగ్గరుందో చూసి ఎంచుకునేవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. (కొన్ని మెమోల్లో మార్కులు వెయ్యరు, గ్రేడ్ మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు ముందు మార్కులు ఎంతో ఎగ్జామ్ బ్రాంచ్‌లో కనుక్కోండి.)

ఇంకో పితలాటకం, పర్సెంటేజీ. ఈ అమ్మాయికి 500కి 341 వచ్చాయి, అంటే 68.2 శాతం. ఎస్‌జీపీఏని పదితో గుణిస్తే 74.3 అవుతుంది! 60 వచ్చినా 69 వచ్చినా 7 పాయింట్లే ఇస్తున్నాం కదా, సగటున చూస్తే ఆ ఏడు అసలు ఇంచుమించు ఆరున్నరే. అందుకే జేఎన్‌టీయూ హైదరాబాద్ సీజీపీఏలోంచి (అన్ని సెమిస్టర్లకి కలిపిన సగటు) అర పాయింటు తీసేసి పదితో గుణించమంటుంది. ఆ సూత్రం ఇక్కడ వేస్తే 69.3, అసలుకి చాలా దగ్గర. మీ యూనివర్సిటీ సూత్రం మెమో వెనక వైపు ఉండొచ్చు, చూడండి. ఉద్యోగం అప్లికేషన్‌లో సొంత లెక్క వేసి రాస్తే సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో ఇరుక్కుంటారు.

సరే, ఆ మార్కులు ఎక్కడ పడతాయి? కొంత ఇంటర్నల్, మిగతాది సెమిస్టర్ చివరి పరీక్ష. ఇంటర్నల్‌కి 25, చివరి పరీక్షకి 75, లేదంటే 20, 80, ఇలా ఒక్కోచోట ఒక్కో వాటా. ఈ రెండూ పూర్తిగా వేరే ప్రపంచాలు. ఇంటర్నల్ వేసేది మీ లెక్చరరే, మీ మొహం తెలిసిన మనిషి. మిడ్ పరీక్ష, అసైన్‌మెంట్, సెమినార్, కొన్నిచోట్ల అటెండెన్స్‌కి కూడా మార్కులుంటాయి. తేడా వస్తే అడగాల్సింది ఆయన్నే, ఆ తర్వాత హెచ్‌ఓడీని, ప్రిన్సిపాల్‌ని. అదీ మార్కులు యూనివర్సిటీ పోర్టల్‌లో ఎక్కించకముందు. ఎక్కించి, లాక్ చేశాక కాలేజీ చేతుల్లో ఏమీ ఉండదు. దిద్దాలంటే ప్రిన్సిపాల్ లెటర్ రాయాలి, రికార్డులు చూపించాలి, ఎగ్జామ్ బ్రాంచ్ చుట్టూ తిరగాలి. రీవాల్యుయేషన్ ఫీజు ఇంటర్నల్‌కి పనికిరాదు. ఇది తెలియక ఇంటర్నల్‌లో 25కి 9 వేశారని ఎక్స్‌టర్నల్‌కి రీవాల్యుయేషన్ పెట్టిన కుర్రాడు నాకు తెలుసు. ఏరా, నోటీస్ బోర్డులో ఇంటర్నల్ మార్కులు అంటించి వారం ఉంచాం కదా, చూడలేదా అంటే, "ఆ బోర్డు ఎవరు చూస్తారు మేడం" అన్నాడు. నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే నిజంగానే ఎవరూ చూడరు. ప్రాక్టికల్స్, వైవా, ప్రాజెక్టు కూడా ఇంతే, ఆ రోజుతో అయిపోయినట్టే. నోటితో చెప్పిన జవాబుని మళ్ళీ ఎవరు దిద్దుతారు?

ఎక్స్‌టర్నల్ పేపరు దారి వేరు. మీరు రాసిన బుక్‌లెట్ మొదటి పేజీలో హాల్ టికెట్ నంబరున్న భాగం చింపేస్తారు, లేదా బార్‌కోడ్ కింద దాస్తారు. మా ముందుకి వచ్చేసరికి అది పేరు లేని కట్టలో ఒక కాగితాల బొత్తి. క్యాంపులో పొద్దున ఒక బండిల్, మధ్యాహ్నం ఒక బండిల్. టేబుల్ మీద ఎర్ర పెన్ను, ఏ జవాబుకి ఎన్ని మార్కులో చెప్పే స్కీమ్ కాగితం, పైన తిరిగీ తిరగనట్టు తిరిగే ఫ్యాను. ఒక్కో జవాబు పక్కన మార్కు వేయాలి, దాన్ని మొదటి పేజీలో ఉన్న గళ్ళలోకి ఎక్కించాలి, మొత్తం కూడాలి, ఆ మొత్తానికి మెషీన్ చదివే ఓఎంఆర్ షీట్‌లో గుండ్రాలు దిద్దాలి. తర్వాత కూడికలు సరిచూసే స్క్రూటినైజర్ ఒకసారి, చీఫ్ ఎగ్జామినర్ కొన్ని పేపర్లు మళ్ళీ చూస్తారు. కొన్నిచోట్ల ఇప్పుడు పేపర్లు స్కాన్ చేసి కంప్యూటర్ మీదే దిద్దిస్తున్నారు, అక్కడ కూడిక తప్పులు తగ్గుతాయి. కానీ పేజీ స్కాన్ కాకపోతే ఆ పేజీ లేనట్టే.

ఈ దారిలో తప్పు జరిగే చోట్లు చూడండి. జవాబు అసలు దిద్దకుండా వదిలేయడం. లోపల వేసిన మార్కు బయటి గడిలోకి ఎక్కకపోవడం. కూడిక తప్పు. గుండ్రం తప్పు. ఈ నాలుగూ చేతి పొరపాట్లు, చూస్తే ఎవరికైనా కనిపిస్తాయి. ఐదోది వేరే జాతి, పదికి ఏడు రావాల్సిన జవాబుకి నాలుగే వెయ్యడం. అది అభిప్రాయం.

మొదటి నాలుగింటికి మందు రీకౌంటింగ్. ఐదోదానికి రీవాల్యుయేషన్. అంతే తేడా, కానీ ఈ తేడా తెలియకే జనం మునుగుతారు. రీకౌంటింగ్‌లో జవాబు మళ్ళీ చదవరు. అన్నీ దిద్దారా, అన్నీ ఎక్కించారా, కూడిక సరిపోయిందా, ఇవే చూస్తారు. ఫీజు తక్కువ. రీవాల్యుయేషన్‌లో వేరే ఎగ్జామినర్ మొదటి నుంచి చదివి మార్కులు వేస్తారు, ఫీజు ఎక్కువ. రెండు వాల్యుయేషన్ల మధ్య తేడా మరీ ఎక్కువుంటే మూడో ఎగ్జామినర్‌కి పంపే నియమం కూడా చాలా యూనివర్సిటీల్లో ఉంది. రెండిట్లో ఏది ఎక్కువైతే అది ఇస్తారా, రెండోదే ఫైనలా, అంటే మార్కులు తగ్గే ప్రమాదం ఉందా, ఇది యూనివర్సిటీకొక రకం. నోటిఫికేషన్‌లో ఆ ఒక్క వాక్యం చదవకుండా ఫీజు కట్టకండి. పాసైన పేపరుకి గ్రేడ్ కోసం పెట్టేవాళ్ళు మరీ ముఖ్యంగా.

గుండ్రం తప్పు చిన్న విషయం అనుకుంటే 2019 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా అని వచ్చింది, తీరా పేపరు తీసి చూస్తే వచ్చినవి 99. ఆ ఏడాది పిల్లల ప్రాణాలే పోయాయి, తల్లిదండ్రులు బోర్డు ముందు కూర్చున్నారు, ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసి, ఫెయిలైన అందరి పేపర్లూ ఫీజు లేకుండా మళ్ళీ చూడమంది. అది ఇంటర్ బోర్డు, మనది డిగ్రీ, కానీ మనుషులు అవే చేతులతో అవే గుండ్రాలు దిద్దుతారు. తొంభైల్లో మార్కులొచ్చే పిల్లకి సున్నా వస్తే ఎవరైనా అనుమానిస్తారు. 52 రావాల్సిన పిల్లాడికి 25 వస్తే ఎవరు అనుమానిస్తారు? వాడు కూడా అనుమానించడు, వాడి ఇంట్లో అసలే అనుమానించరు.

మరి ఏ తప్పు జరిగిందో ఫీజు కట్టే ముందే తెలిసేదెలా? పేపరు చూడాలి. ఫొటోకాపీ ఇచ్చే పద్ధతి చాలా యూనివర్సిటీల్లో ఉంది, అది ఉంటే నా సలహా ముందు అదే తీసుకోమని. అసలు ఈ హక్కు ఎలా వచ్చిందంటే, 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో, దిద్దిన జవాబు పత్రం కూడా సమాచార హక్కు చట్టం కింద 'సమాచారమే', రాసినవాడికి అది చూసుకునే హక్కు, కాపీ తీసుకునే హక్కు ఉన్నాయని తేల్చింది. ఎవరు దిద్దారో ఆ పేరు మాత్రం చెప్పక్కర్లేదంది. అది న్యాయమే, నా పేరు బయటికొస్తే నేనీ ఊళ్ళో కూరగాయలకి కూడా వెళ్ళలేను. పేపర్లు దాచి ఉంచే గడువు లోపలే ఈ హక్కు అని కూడా అదే తీర్పులో ఉంది. పేపర్లు కలకాలం దాచరు, కొన్ని నెలల తర్వాత అవి తూకానికి వెళ్ళిపోతాయి. రెండేళ్ళ తర్వాత వచ్చి 'నా ఫస్టియర్ పేపర్ చూపించండి' అంటే చూపించడానికి ఏమీ ఉండదు.

ఆర్‌టీఐలో, అంటే ఆ సమాచార హక్కు చట్టం దారిలో, ఖర్చు తక్కువ. అర్జీకి 10 రూపాయలు, పేజీకి 2. చిక్కల్లా టైముతోనే. జవాబు ఇవ్వడానికి వాళ్ళకి 30 రోజులుంది, రీవాల్యుయేషన్ కిటికీ మాత్రం రెండు వారాలు తెరిచి ఉంటే గొప్ప. అంటే ఆర్‌టీఐ కాపీ మీ చేతికొచ్చేసరికి కిటికీ మూసేసి ఉంటుంది. ఫొటోకాపీ పద్ధతి లేనిచోట నేను చెప్పేది, రీకౌంటింగో రీవాల్యుయేషనో గడువులో పెట్టేయండి, పక్కనే ఆర్‌టీఐ కూడా వేయండి. కాపీ చేతికొచ్చాక స్పష్టమైన తప్పు కనిపిస్తే అది చేతిలో సాక్ష్యంగా పనికొస్తుంది.

కోర్టుకి వెళ్తా అనేవాళ్ళకి ఒక మాట. వెళ్ళొచ్చు, కానీ అక్కడ గుమ్మం చాలా ఎత్తు. నియమాల్లో రీవాల్యుయేషన్ లేకపోతే అది హక్కుగా అడగలేరని సుప్రీంకోర్టు 1984లోనే మహారాష్ట్ర బోర్డు కేసులో చెప్పేసింది. రణ్ విజయ్ సింగ్ కేసులో ఇంకాస్త విడమరిచి, తప్పు జరిగిందని ఏ తర్కమూ అల్లకుండా, చూడగానే తెలిసిపోయేలా ఉంటే తప్ప, అదీ అరుదుగా తప్ప, కోర్టులు వేలు పెట్టకూడదంది. జాలి పనికిరాదంది. అనుమానం వస్తే ఆ లాభం పరీక్ష పెట్టినవాళ్ళకే వెళ్తుందంది. 'నా ఎస్సేకి ఇంకో మూడు మార్కులు రావాలి' అన్న వాదన అక్కడ నిలబడదు. 'నా ఎస్సే దిద్దనే లేదు, ఇదిగో పేజీ, ఒక్క ఎర్ర గీత లేదు' అన్నది నిలబడుతుంది.

కోర్టుకీ ఎగ్జామ్ బ్రాంచ్‌కీ మధ్య ఇంకో మెట్టు ఉంది, దాని పేరు కూడా మా పిల్లలు విని ఉండరు. యూజీసీ 2023లో విద్యార్థుల ఫిర్యాదుల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. కాలేజీలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి, దాంతో తృప్తి లేకపోతే మరో 15 రోజుల్లో యూనివర్సిటీ ఆంబుడ్స్‌పర్సన్ (ఫిర్యాదుల మీద అప్పీళ్ళు వినే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. మార్కులు వేయడంలో పారదర్శకత లేకపోవడం, అన్యాయంగా వేయడం కూడా ఫిర్యాదు కిందే లెక్క. రిజల్ట్ ఆలస్యమైనా ఫిర్యాదే. కానీ ఊరికే 'పేపర్ మళ్ళీ దిద్దించండి' అంటే ఆంబుడ్స్‌పర్సన్ తీసుకోరు. ఫలానా అవకతవక జరిగింది, దానివల్ల ఫలితమే మారింది, లేదా ఫలానా వివక్ష చూపించారు అని చూపించాలి. నా లెక్కలో ఈ దారి ఎక్కువగా పనికొచ్చేది ఇంటర్నల్ గొడవలకి, ఎందుకంటే వాటికి వేరే దారే లేదు. సెమినార్ ఇచ్చినట్టు ఫొటో, అసైన్‌మెంట్ ఇచ్చినరోజు తీసుకున్న సంతకం, క్లాస్ గ్రూపులో సార్ పెట్టిన మెసేజ్, ఇవన్నీ అప్పుడు బంగారం.

అటానమస్ కాలేజీలో చదివేవాళ్ళకి ఈ దారులన్నీ కాలేజీ లోపలే తిరుగుతాయి. ప్రశ్నపత్రం, వాల్యుయేషన్, పరీక్షల కంట్రోలర్ అన్నీ అక్కడే, పట్టా మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. పని త్వరగా అవుతుంది గానీ, మీరు ఫిర్యాదు చేసే మనిషి, ఎవరి మీద ఫిర్యాదో ఆ మనిషి ఒకే స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతుంటారు. చెప్పాల్సింది కాగితం మీద, మర్యాదగా, తేదీ వేసి చెప్పండి, కాపీ మీద రిసీవ్డ్ అని సంతకం తీసుకోండి.

ఇప్పుడు గడువుల సంగతి, ఇందులోనే ఎక్కువ మంది దెబ్బ తింటారు. రీవాల్యుయేషన్ పెట్టారు, ఫలితం ఎప్పుడొస్తుందో తెలియదు. ఈలోగా సప్లీ ఫీజు నోటిఫికేషన్ వస్తుంది. 'రీవాల్యుయేషన్‌లో పాసవుతాను కదా' అని సప్లీ కట్టరు. రీవాల్యుయేషన్ ఫలితం 'నో చేంజ్' అని వచ్చేసరికి సప్లీ తేదీ దాటిపోతుంది, ఇంకో ఆరు నెలలు. ఫైనల్ ఇయర్ అయితే పీజీ ఎంట్రన్స్ సీటు కూడా చేతిలోంచి జారిపోతుంది. రెండూ కట్టండి. డబ్బు దండగే, ఒప్పుకుంటాను, రెండు పేపర్లకి కలిపి కట్టాలంటే కూలికెళ్ళే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఈ రెండు తేదీలూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా పెట్టడం ఎగ్జామ్ బ్రాంచ్‌కి ఎందుకు చేతకాదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

రెండేళ్ళ కిందట మా కాలేజీ అమ్మాయి ఒకతి, బీఏ సెకండియర్, ఎకనామిక్స్‌లో 75కి 26 వచ్చి ఫెయిలైంది. 30 కావాలి. రీవాల్యుయేషన్ పెడతానని వచ్చింది, ముందు ఫొటోకాపీ తెప్పించుకో అన్నాను. వచ్చాక ఇద్దరం స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని పేజీలు తిప్పాం. ఐదు మార్కులవి ఐదూ రాసింది, పది మార్కులవి నాలుగు. అంతే, తర్వాత రెండు ఖాళీ పేజీలు. "ఐదో ఎస్సే రాయలేదా అమ్మా?" అన్నాను. "రాశాను మేడం, వెనక ఉంది. పేజీ మొదట్లో రాయాలి కదా అని వదిలేశాను" అంది. తిప్పితే నిజంగానే ఉంది, మూడు పేజీలు, ద్రవ్యోల్బణం గురించి. పక్కన ఒక్క ఎర్ర చుక్క లేదు. మొదటి పేజీలో ఆ ప్రశ్న గడిలో అడ్డగీత ఉంది. దిద్దినావిడో ఆయనో ఖాళీ పేజీలు చూసి అయిపోయిందనుకుని బుక్‌లెట్ మూసేశారు. నేనూ అలా ఎన్ని మూశానో అని ఆ పూట మనసు మనసులో లేదు.

రీవాల్యుయేషన్ వద్దన్నాను, రీకౌంటింగే పెట్టించి, ఫలానా ప్రశ్న ఫలానా పేజీలో దిద్దలేదని ఒక లెటర్ కూడా జత చేయించాను. ఆ ఎస్సేకి ఆరు వేశారు. 32తో పాసైంది, పాత మెమో వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చారు. సప్లీకి కట్టిన ఫీజు మాత్రం తిరిగి రాలేదు.